అడవి కొండలు కూలివాడికి కాని వ్యవహారమా?

నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో అడవి మాట ఎత్తితే "అది ఫారెస్టోళ్ళ గొడవ, మనకెందుకులే" అనేవారు మన వ్యవసాయ కార్మికుల్లోనూ ఉన్నారు. ఇది సరికాదని మేము భావిస్తున్నాం. అడవి పోతే ముందు ఆరేది పేదవాడి పొయ్యే.

కొండపల్లి కొండల్లో పెరిగే తెల్ల పొణికినే తీసుకోండి. బొమ్మలు పుట్టేది ఆ కర్రలోంచే. కర్రను ఆరబెట్టి, సెగ చూపి చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో కాళ్ళూ చేతులూ అతికిస్తారు. ఆ బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని ప్రభుత్వాలు గొప్పలు చెప్పుకున్నాయి. బొమ్మకు ముద్ర వేశారు, బాగుంది. మరి చెట్టు సంగతేమిటి? పొణికి గింజ గట్టిది, తొందరగా మొలవదు. కొట్టినంత వేగంగా అడవి తిరిగి రాదు. కర్ర కరువైందని బొమ్మల పనివారు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు.

ఇందుకు కట్టెలేరుకునే పేదలను దోషులుగా చూపడం పాలకులకు అలవాటు. కాని 2020, 2021 సంవత్సరాల్లో కొండపల్లి అటవీ ప్రాంతంలో అక్రమ గ్రావెల్ తవ్వకాలు రాష్ట్రమంతటా వివాదమయ్యాయి. ఆ భూమి అడవిదా, రెవెన్యూదా అనే తగువు నడిచింది. కాగితం మీద తగువు తేలేలోగా కొండ కరిగిపోతుంది. కట్టెల మోపు కనబడే కళ్ళకు టిప్పర్లు కనబడవా?

రికార్డుల్లో అడవిగా లేకున్నా నిజంగా అడవైతే దానికి రక్షణ ఉండాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్రం 2023లో చట్టాన్ని సవరించి ఆ రక్షణను కుదించబోయింది. పాత నిర్వచనాన్నే పాటించాలని 2024లో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది.

ఇక పొలాల సంగతి. మన మెట్టలో కాగితం మిల్లుల కోసం సుబాబుల్, జామాయిల్ తోటలు పరుచుకున్నాయి. ఒకటి మెక్సికో వైపు నుంచి, మరొకటి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్లు. పత్తి, మిర్చికి గిట్టుబాటు లేక అటు మళ్ళిన రైతును మేము తప్పుపట్టం; టన్ను ధర కోసం ఆ రైతే రోడ్డెక్కవలసి వచ్చింది. కాని పత్తితీతలో, మిరపకోతలో దొరికే కూలి రోజులు ఆ తోటల్లో దొరకవు. పచ్చగా కనబడేదల్లా అడవి కాదు, పేదకు పని కూడా కాదు.

కాబట్టి మేము కోరేది ఇది. కొండల హద్దులు సర్వే చేసి ఊరి గ్రామసభలో బహిరంగంగా ప్రకటించాలి. అక్రమంగా తవ్వినవారి నుంచి నష్టం రాబట్టాలి. పొణికి, తునికి, చండ్ర వంటి ఈ నేల చెట్లనే పెంచాలి. నారు పెంచడం, గుంతలు తీయడం, కాపలా అన్నీ కాంట్రాక్టర్లకు కాక స్థానిక కూలీలకే చట్టబద్ధమైన వేతనంతో ఇవ్వాలి. బొమ్మల పనివారికి న్యాయమైన ధరకు కర్ర అందించాలి.

వ్యవసాయ కార్మికులు, చిన్న రైతులు, బొమ్మల పనివారు ఒక్కటై అడిగితే తప్ప ఇవి జరగవు. కార్యకర్తలు ఈ కోర్కెలను ఊరూరా చర్చకు పెట్టాలి. కూలి రేటు కోసం కలిసినట్లే కొండ కోసమూ కలవాలి.