కప్పపిల్లకు కబళం

కప్పది ఒకటే పంతం: కదలనిదాన్ని తిండిగా లెక్కచెయ్యదు. అమెరికాలో మా తమ్ముడు పెంచే రంగురంగుల డార్ట్ కప్పలను చూశాక నాకీ సంగతి బోధపడింది. తోక కరిగి గట్టెక్కిన పిల్ల బొటనవేలి గోరంత ఉంటుంది. దాని నోటికి పట్టేది స్ప్రింగ్‌టెయిల్ అనే తెల్లని పురుగు. పొడుగు 1, 2 మిల్లీమీటర్లు.

దీని పెంపకం పెరుగు తోడుపెట్టడం లాంటిదే. మూతగల డబ్బాలో కట్టెబొగ్గు ముక్కలు పరచి, అడుగున కాస్త నీరు పోసి, తోడుకు కాసిని పురుగులు వదిలి, నాలుగు బియ్యపు గింజలు వెయ్యాలి. గింజలకు పట్టే బూజే వాటికి విందు! వారానికోసారి మూత తీసి గాలి తగలనివ్వాలి. కావలసినప్పుడు నీళ్లు పోస్తే పురుగులు పైకి తేలుతాయి. కప్పల పెట్టెలోకి వంపడమే.

డబ్బా నిండడానికి మాత్రం నెల పైనే పడుతుంది. అందుచేత తోకకప్పకు కాళ్లు రాకముందే తోడుపెట్టండి. పిల్ల ఆకలి నెలరోజులు ఆగదు మరి!