సర్వరు మార్చి చూడు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ రోజుల్లో ఇంటింటా కంప్యూటర్లు లేవు కనుక అక్కడితో ఆగారు. ఉండి ఉంటే "సర్వరు మార్చి చూడు" అని మూడోది తప్పకుండా చేర్చి ఉండేవారు. ఇల్లు కట్టినవాడికి అప్పు మిగులుతుంది, పెళ్ళి చేసినవాడికి చుట్టాల అలకలు మిగులుతాయి. సర్వరు మార్చినవాడికి ఏం మిగులుతుందో, ఏం మిగలదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సర్వరు అనగానే పెద్ద కంపెనీల ఏ.సి. గదులు ఊహించుకుని ఆర్ట్స్ మిత్రులు పేజీ తిప్పేయవద్దని మనవి. ఇంట్లో ఒక మూల రాత్రింబవళ్ళు నడుస్తూ, ఇంట్లో ఉన్న ఫోన్లకూ లాప్‌టాప్‌లకూ అడిగిన ఫైలు అందించే ఏ పాత కంప్యూటరైనా సర్వరే. మా ఇంట్లో ఉన్నది మా పెద్దనాన్నగారి అబ్బాయి ఉద్యోగానికి వెళ్తూ వదిలేసిన డెస్క్‌టాప్. 4 జి.బి. మెమొరీ, 500 జి.బి. హార్డ్ డిస్కు, పురికొసతో కట్టిన పక్క మూత. దాని కడుపులో పొలం పాస్‌పుస్తకాల స్కానింగులు, ఎరువుల కొట్టు బిల్లులు, అక్క పెళ్ళి ఫోటోలు, నా ప్రాక్టికల్ రికార్డులు, నాన్నమ్మ గొంతు ఉండేవి. నాన్నమ్మ గొంతు సంగతి తరువాత చెబుతాను.

బాగా నడుస్తున్నదాన్ని మార్చడం దేనికి అని మా నాన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ యంత్రం విండోస్ 10 మీద నడిచేది. 2015 జూలైలో వచ్చిన ఆ ఆపరేటింగ్ సిస్టంకు మైక్రోసాఫ్ట్ సంస్థ మామూలు మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించింది. ఆ తేదీ తర్వాత, ప్రత్యేక పథకంలో చేరినవారికి తప్ప, కొత్తగా బయటపడే లోపాలకు సవరణలు రావు. అంటే తలుపు ఉంటుంది గాని, గడియ విరిగితే బాగుచేసేవాడు రాడు. పోనీ విండోస్ 11కి వెళ్దామంటే, దానికి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసరు ఆమోదించిన జాబితాలో ఉండాలి. మా పాతదానికి రెండూ లేవు. ఎద్దు బాగానే దున్నుతోంది, కాడి కొలత మారిపోయింది. ఎద్దును అమ్ముకోవాలా, కాడిని మార్చుకోవాలా? మేము కాడినే మార్చదలచుకున్నాం.

ఎంచుకున్నది డెబియన్. లినక్స్ కెర్నెల్ ఆధారంగా, ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేసి ఉచితంగా పంచిపెట్టే ఆపరేటింగ్ సిస్టం అది. దాని 13వ ముఖ్య సంచిక, ట్రిక్సీ అనే ముద్దుపేరుతో, 2025 ఆగస్టు 9న విడుదలైంది. ఇక్కడ విద్యార్థి లోకం గమనించవలసిన విషయం ఒకటుంది. లినక్స్‌ను 1991లో లోకానికి ప్రకటించిననాడు లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకీ విశ్వవిద్యాలయంలో 21 ఏళ్ళ విద్యార్థి. 1993 ఆగస్టులో డెబియన్‌కు పునాది వేసిననాడు ఇయాన్ మర్డాక్ కూడా అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాడు, వయస్సు 20. అదే వయస్సులో నేను చేసిన ఘనకార్యం ఏమిటో వినండి.

డిస్కులో ఉన్నదంతా ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ పెట్టి రాత్రి పడుకున్నాను. తెల్లవారి చూస్తే కంప్యూటరు తెర మీద ఏ తప్పూ చూపించడం లేదు, ఏ కిటికీ తెరిచి లేదు. పని పూర్తయిందనుకున్నాను. రెండు మూడు ఫోల్డర్లు తెరిచి చూశాను, ఫోటోలు కనిపించాయి. అంతే, పెన్‌డ్రైవ్ పెట్టి డెబియన్ మొదలుపెట్టాను. డిస్కు మొత్తం చెరిపేయమంటారా అని అది మర్యాదగా అడిగింది. చెరిపేయమన్నాను.

నిజానికి జరిగిందేమిటంటే, అర్ధరాత్రి కరెంటు పోయింది. మళ్ళీ వచ్చాక యంత్రం తనంతట తానే లేచి కూర్చుంది. కాపీ మాత్రం పోయిన చోటనే ఆగిపోయింది. ఆ సంగతి నాకు తెలిసింది మూడు రోజుల తరువాత. నాన్నమ్మ నాట్ల కాలంలో పాడే పాటలు, చెప్పే కథలు నేను ఇంటరు సెలవుల్లో ఫోన్‌లో రికార్డు చేసి సర్వరులో పెట్టినవి పదకొండు. వాటిలో ఏడు వచ్చాయి, నాలుగు రాలేదు. ఫోన్‌లో చోటు చాలక అంతకుముందే అక్కడ తీసేశాను. రికవరీ ప్రోగ్రాములు పెట్టి ఒక ఆదివారమంతా వెతికాను. కొత్త సిస్టం ఆ చోటి మీద తన సామాను సర్దేసుకుంది.

నాన్నమ్మ పోయి ఏడాదిన్నర అయింది. ఆ నాలుగూ మళ్ళీ పాడించుకునే దారి లేదు.

అమ్మకు చెప్పాను. నాన్నకు చెప్పడానికి వారం పట్టింది. ఆయన కోప్పడలేదు. "విత్తనాలు పక్కకి తీసి పెట్టుకోకుండా గాదె ఊడ్చేశావేంట్రా?" అన్నాడు. మూడేళ్ళుగా కంప్యూటర్ సైన్సు చదువుతున్న నాకు అంత చక్కటి పాఠం ఏ క్లాసులోనూ చెప్పలేదు. తప్పు డెబియన్‌ది కాదు, కరెంటుదీ కాదు. కాపీ చేయడమూ, కాపీ అయిందని నిర్ధారించుకోవడమూ రెండు వేరువేరు పనులని తెలియని నాది.

అసలు నిర్ధారించుకునే సాధనాలు లేకనా? ఆర్‌సింక్ అనే ప్రోగ్రాము 1996 నుంచి ఉంది. మధ్యలో ఆగిపోతే మళ్ళీ అదే ఆజ్ఞ ఇస్తే చాలు, రెండు వైపులా పోల్చి చూసి చేరనివాటిని చేరుస్తుంది. ఎస్.హెచ్.ఎ. 256 అనే లెక్క ఉంది. ఎంత పెద్ద ఫైలుకైనా అది 64 అక్షరాల ముద్ర వేస్తుంది, ఫైల్లో ఒక్క బిట్టు మారినా ముద్ర మారిపోతుంది. పాత డిస్కులో ముద్రల జాబితా, కొత్త డిస్కులో ముద్రల జాబితా తీసి పోల్చడం మా యంత్రం మీద ఒక పూట పని. ఆ ఒక్క పూట ఓపిక లేకపోయింది. అన్నిటికంటే సులువైన దారి మరొకటి ఉంది. పాత డిస్కును చెరపకుండా ఊడదీసి బీరువాలో పెట్టి, కొత్త సిస్టంను వేరే చిన్న డిస్కు మీద వేయడం. ఆరు నెలలు ఎవరూ ఏదీ కనిపించడం లేదనకపోతే అప్పుడు పాతదాన్ని చెరుపుకోవచ్చు. నేను అదీ చేయలేదు.

ఇంకొక సంగతి కూడా ఈ మార్పులోనే బయటపడింది. ఇది ఒక్క మా ఇంటి బాధ కాదు, తెలుగువాళ్ళందరిదీ. మా తాతయ్య నాటి పొలం పంపకాల వివరాలు ఎప్పుడో ఒక డి.టి.పి. సెంటరులో టైపు చేయించారు. ఆ ఫైలు క్షేమంగానే కొత్త సిస్టంలోకి వచ్చింది. తెరిస్తే తెలుగు లేదు! ఇంగ్లీషు అక్షరాలూ, కామాలూ, బ్రాకెట్లూ కలిపి చల్లినట్టుంది. కారణం ఏమిటంటే, ఆ రోజుల్లో తెలుగు ఫాంట్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చి తయారుచేసినవి. ఫైల్లో ఉండేది ఇంగ్లీషు సంకేతమే, ఆ ఫాంటు తొడిగితే తెలుగులా కనిపిస్తుంది. ఫాంటు లేని యంత్రంలో వేషం తీసేసిన నటుడిలా నిలబడుతుంది. యూనికోడ్ ప్రమాణంలో 1991లో వచ్చిన మొదటి సంచిక నుంచీ తెలుగుకు సొంత స్థానాలు ఉన్నాయి. ఆ పద్ధతిలో టైపు చేసిన నా ఉత్తరాలూ నోట్సూ డెబియన్‌లో ఒక్క ఒత్తు కూడా చెదరకుండా తెరుచుకున్నాయి. తాతయ్య కాగితం మాత్రం ట్రంకుపెట్టెలో అసలు ప్రతి ఉంది కనుక బతికిపోయింది. కంప్యూటరును కాగితం కాపాడిందన్నమాట.

ఈ అనుభవం మీద నాకు ఏర్పడిన అభిప్రాయం ఒక్కటే. ఎక్కడికైనా తీసుకెళ్ళగలిగిందే మనది. ఒక కంపెనీ ప్రోగ్రాములో తప్ప తెరుచుకోనిదీ, ఒక ఫాంటులో తప్ప చదవడానికి రానిదీ, ఒక్క డిస్కులో తప్ప ఎక్కడా లేనిదీ మనదని అనుకుంటున్నామే గాని మనది కాదు, కౌలుకు తీసుకున్నది. ఆపరేటింగ్ సిస్టంలు వస్తుంటాయి, పోతుంటాయి. డెబియన్ 13కి కూడా అన్నీ కలిపి సుమారు అయిదేళ్ళ మద్దతే చెప్పారు. ఆ తరువాత మళ్ళీ మార్పే. కాబట్టి ఏ సిస్టం గొప్పదన్న వాదన కన్నా, ఏ సిస్టం నుంచైనా చేతులూపుకుంటూ కాక మూట కట్టుకుని బయటికి రాగలమా అన్న ప్రశ్న ముఖ్యం.

దీనికి మిత్రులు చెప్పే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. "ఇంత తంటా ఎందుకు, అంతా క్లౌడ్‌లో పెట్టేస్తే పోలా?" అంటారు. పెట్టండి, వద్దనను. నేనూ ఒక ప్రతి అక్కడ పెట్టాను. కాని గూగుల్ ఖాతాతో ఉచితంగా వచ్చేది 15 జి.బి. రెండేళ్ళ పాటు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చన్న నిబంధనను కూడా ఆ సంస్థ 2023లో ప్రకటించింది. ఖాతాదారు కాలం చేస్తే ఆ ఖాతాను ఎవరు తెరిచి చూస్తుంటారు? క్లౌడ్ రెండో ప్రతికి మంచి చోటే, ఏకైక ప్రతికి కాదు. "కరెంటు దండగ" అనేవారు మరికొందరు. ఇందులో నిజముంది. 50 వాట్లు లాగే యంత్రం నెలంతా నడిస్తే 36 యూనిట్లు. అందుకే మా ఇంట్లో రాత్రి పదకొండు నుంచి తెల్లవారే దాకా ఆపేస్తున్నాం. పాత లాప్‌టాప్ ఉంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది, కరెంటు పోతే బ్యాటరీ కూడా ఆదుకుంటుంది.

రెండోసారి పని ఎలా చేశానో కూడా చెప్పి ముగిస్తాను. మొదట ఒక నోటుపుస్తకంలో పెన్నుతో రాసుకున్నాను, ఏ ఫోల్డరు ఎవరిది, ఎవరు చూడవచ్చు, పాస్‌వర్డు ఎవరి దగ్గరుంది, రౌటరులో సర్వరుకు ఇచ్చిన చిరునామా ఏది అని. సాంబా అనే ప్రోగ్రాముతో ఫోల్డర్లను పాత పేర్లతోనే ఇంట్లో అందరికీ పంచాను. లినక్స్‌లో ఇంగ్లీషు పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ వేరువేరు కనుక, రెండు తీరుల రాసిన పేర్లన్నీ ఒక తీరుకు తెచ్చాను. రెండు ప్రతులు తీశాను, ఒకటి ఇంట్లో, ఒకటి మేనమామ గారింట్లో. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ ప్రతుల్లోంచి ఏదో ఒక ఫైలు వేరే యంత్రంలో తెరిచి చూస్తున్నాను. తెరిచి చూడని బ్యాకప్పు మొలక కట్టి చూడని విత్తనం లాంటిది. పది రోజుల తరువాత నాన్న ఫోన్‌లో పాస్‌పుస్తకం తీసి బ్యాంకులో చూపించి వచ్చాడు. "ఏదో మారుస్తానన్నావు, మార్చావా?" అని అడిగాడు. ఆయనకు తేడా తెలియలేదు. ఈ పనికి అంతకన్నా పెద్ద మార్కులు లేవు.

ఇక విద్యార్థి సంఘానికీ, అధ్యాపకులకూ, పూర్వ విద్యార్థులకూ ఒక విన్నపం. మీ చేతిలో ఉన్న ఈ వార్షిక సంచికే తీసుకోండి. గత సంవత్సరాల సంచికల ఫైళ్ళు ఎక్కడున్నాయి? ఏ ప్రెస్సు కంప్యూటరులో, ఏ ఫాంటులో, ఎవరి పెన్‌డ్రైవ్‌లో? మన సీనియర్ల కవితలు, కథలు, సెక్రటరీ రిపోర్టులు ఇవాళ తెరిస్తే తెలుగులో కనిపిస్తాయా? ఈ సంవత్సరమే ఒక చిన్న బృందం ఏర్పడి, దొరికిన ఫైళ్ళన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చి, ఫైళ్ళు దొరకని సంచికలను స్కాన్ చేసి, లైబ్రరీలో ఒక ప్రతి, మరో చోట ఒక ప్రతి భద్రపరచాలి. ఫాంటు మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి, వాటి తప్పులు దిద్దడానికి తెలుగు శాఖ మిత్రులు ఉన్నారు. ల్యాబులో కండెమ్ అని మూల పడేసిన కంప్యూటరు ఒకటి ఇప్పిస్తే సర్వరు సంగతి మేము చూసుకుంటాం. పాత సంచికలు అటక మీద దాచుకున్న పూర్వ విద్యార్థులు ఒక్క రోజు అరువిచ్చినా చాలు.

ఇదంతా రేపు చేద్దామనిపించడం సహజం. నాకూ ఆ రాత్రి అలాగే అనిపించింది. ఆ ఏడు పాటలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. మిగతా నాలుగింటి పేర్లు మాత్రం నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాను.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి