చార్జరు కొనేవారు వేగం కాదు, జత చూడాలి

పటాన్‌చెరు: పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం కర్మాగారాల గేట్ల ముందు షిఫ్టు మారే వేళ నిలబడి చూస్తే కాలం మారిన సంగతి ఇట్టే తెలిసిపోతుంది. ఒకప్పుడు సైకిళ్లతో నిండే స్టాండ్లు తరువాత పెట్రోలు బండ్లతో నిండాయి. ఇప్పుడు వాటి నడుమ చప్పుడు లేని కరెంటు బండ్లు ఒకటొకటిగా చేరుతున్నాయి. పెట్రోలు లీటరు వంద రూపాయలు దాటిన తరువాత సంగారెడ్డి నుంచి, సదాశివపేట నుంచి రోజూ డ్యూటీకి వచ్చే కార్మికుడు వేరే దారి వెతుక్కోవడంలో ఆశ్చర్యం లేదు. రాష్ట్ర ప్రభుత్వం కూడా 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఈ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయిస్తున్నట్లు ప్రకటించింది.

బండి కొన్నాక అసలు బాధ మొదలవుతుంది. కంపెనీ ఇచ్చిన చార్జరుతో బ్యాటరీ నిండడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అంతసేపు ఓపిక ఎవరికుంది? "అన్నా, జల్ది ఎక్కేది ఏమన్న ఉంటే ఇయ్యి" అని దుకాణానికి పోతారు. "ఇది తీస్కపో తమ్మీ, రెండు గంటలల్ల ఫుల్లయితది, సంచిల ఏస్కోని యాడికైనా తీస్కపోవచ్చు" అని దుకాణదారుడు ఒక పెట్టె చేతిలో పెడతాడు. అది తమ బండికి సరిపోతుందా, తమ ఇంటి వైరింగు దాన్ని మోస్తుందా అన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తరు. వేల రూపాయల వ్యవహారం, ఇంటిల్లిపాది ప్రాణాల వ్యవహారం రెండు మాటల్లో ముగిసిపోతోంది. ఇది ఎంతమాత్రం మంచిది కాదు.

48కి 48 సరిపోదు

చార్జరు విషయంలో మొదట చూడవలసింది వోల్టేజి. బ్యాటరీ మీద 48 వోల్టులని ఉంది, చార్జరు మీద కూడా 48 అని ఉంది, కనుక రెండూ ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. లోపల ఉండే సెల్లుల రకాన్ని బట్టి బ్యాటరీ నిండినప్పటి వోల్టేజి మారుతుంది. నికెల్, మాంగనీసు, కోబాల్టు కలిసిన లిథియం సెల్లులు 13 వరుసగా కలిపిన బ్యాటరీ 54.6 వోల్టుల వద్ద నిండుతుంది. ఐరన్ ఫాస్ఫేటు రకం లిథియం సెల్లులు 16 కలిపినది 58.4 వోల్టుల వద్ద నిండుతుంది. వ్యవహారంలో రెంటినీ 48 వోల్టుల బ్యాటరీ అనే పిలుస్తారు. రెండో దాని చార్జరు తెచ్చి మొదటి దానికి పెడితే నిండిన కుండలో ఇంకా నీళ్లు పోసినట్లే. కుండ అయితే నీళ్లు కింద పోతాయి. లిథియం సెల్లు అయితే వేడెక్కి మంట పుడుతుంది.

మోటారు సైకిళ్లలో ఎక్కువగా కనిపించే 72 వోల్టుల బ్యాటరీలోనూ ఇదే చిక్కు ఉంది. మొదటి రకం సెల్లులు 20 ఉంటే 84 వోల్టులు, ఐరన్ ఫాస్ఫేటువి 24 ఉంటే 87.6 వోల్టులు చార్జరు నుంచి రావాలి. బ్యాటరీలో బీఎంఎస్ అనే కాపలా సర్క్యూటు ఉంటుంది, అది ఆపుతుంది కదా అని కొందరు ధీమాగా చెబుతారు. కాపలాదారు ఉన్నాడని తలుపు తీసి పడుకునేవారు ఉండరు కదా. పాత సీసపు బ్యాటరీ బండి అమ్మేసి దాని చార్జరును లిథియం బండికి వాడడం మరీ ప్రమాదం.

రెండవది ఆంపియర్లు. 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 10 ఆంపియర్ల చార్జరు పెడితే నాలుగు గంటలకు పైగా పడుతుంది. 20 ఆంపియర్లది పెడితే అందులో సగం. అయితే అంత కరెంటు తీసుకోవడానికి ఆ బ్యాటరీని తయారు చేశారా లేదా అన్నది కంపెనీవారి పుస్తకంలోనే ఉంటుంది. అందులో రాసిన హద్దు దాటితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. బండి ధరలో పెద్ద భాగం బ్యాటరీదే. ఇంకా వాయిదాలు తీరకముందే అది పాడైతే, బయటి చార్జరు వాడారన్న కారణంతో వారంటీ కూడా చెల్లకపోవచ్చు. కొత్త బండ్లలో కొన్నింటికి బ్యాటరీ, చార్జరు ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటాయి. వేరే చార్జరు పెడితే అవి అసలు తీసుకోవు. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు ఒకే రకం కనెక్టరు ఉండాలని భారత ప్రమాణాల సంస్థ 2023లో ఒక ప్రమాణాన్ని ఆమోదించినా, అన్ని బండ్లకూ ఆ కనెక్టరు రాలేదు. కనుక పిన్ను దూరినంత మాత్రాన చార్జరు జత కుదిరినట్లు కాదు.

గోడలో ఉన్న ప్లగ్గు సంగతి

ఇస్నాపూర్, ముత్తంగి, రుద్రారంలలో కార్మికులు అద్దెకుండే గదులు అందరూ ఎరిగినవే. వరుసగా పది గదులు, గదికో బల్బు, ఒక ఫ్యాను, ఒక చిన్న ప్లగ్గు. ఆ చిన్న ప్లగ్గు 5 లేక 6 ఆంపియర్లకు తయారైనది. 750 వాట్ల చార్జరు నాలుగు ఆంపియర్ల లోపే తీసుకుంటుంది కనుక దానికి సరిపోతుంది. 1500 వాట్ల త్వరిత చార్జరు 230 వోల్టుల వద్దనే ఏడు ఆంపియర్లకు పైగా లాగుతుంది. సాయంకాలం లో వోల్టేజి వచ్చి 180కి పడిపోతే అదే చార్జరు తొమ్మిది ఆంపియర్ల వరకు లాగుతుంది. వోల్టేజి తగ్గితే కరెంటు తక్కువ లాగుతుందని చాలామంది అనుకుంటారు. బల్బు విషయంలో అది నిజం. ఈ చార్జర్ల విషయంలో తిరగబడుతుంది.

నీళ్లు కాచే రాడ్డు కూడా 1500 వాట్లే, దానికి ఏమీ కావడం లేదు కదా అని అడిగేవారు ఉంటారు. రాడ్డు పావుగంట పెట్టి తీసేస్తారు. చార్జరు రెండు గంటలు ఏకధాటిగా నడుస్తుంది, అదీ మనుషులు నిద్రపోయే వేళ. వదులుగా ఉన్న ప్లగ్గు, సన్నని వైరు పావుగంటలో వెచ్చబడతాయి, రెండు గంటల్లో కరిగిపోతాయి. దీనికి తోడు మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్లో దూర్చడం, ఒకే ఎక్స్‌టెన్షను పెట్టెకు ఫోన్లు, ఫ్యాను, బండి అన్నీ తగిలించడం మన దగ్గర అలవాటైపోయింది. ఎర్తు లేని చోట ఇనుప బండిని చార్జింగుకు పెట్టి, తడి చేత్తో ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

ఈ భయం ఊహించి చెబుతున్నది కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంట్లో రాత్రి చార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీ అంటుకుని ఎనభయ్యేళ్ల వృద్ధుడు ప్రాణాలు కోల్పోయారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో చార్జింగుకు పెట్టిన బ్యాటరీ పేలి ఒకరు మరణించారు. ఆ ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూము ఉన్న లాడ్జి భవనంలో అగ్నిప్రమాదం జరిగి ఎనిమిది మంది బలయ్యారు. ఆ తరువాతనే కేంద్ర ప్రభుత్వం బ్యాటరీల భద్రతకు కఠిన నిబంధనలు తెచ్చి, 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి నుంచి రెండు విడతలుగా అమలు చేసింది. అయితే ఆ నిబంధనలు కంపెనీ బండితో పాటు ఇచ్చే సరుకుకు వర్తిస్తాయి. ఊరూ పేరూ లేని చార్జరును సంచిలో తెచ్చుకున్నవారిని ఏ నిబంధనా కాపాడలేదు.

ఇంతకీ తొందర ఎవరికి?

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరుకు పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. రానూ పోనూ యాభై, అరవై కిలోమీటర్లకు మించదు. మూడు యూనిట్లు పట్టే బ్యాటరీలో అందుకు సుమారు సగం ఖర్చవుతుంది. ఆ సగం నింపడానికి కంపెనీ ఇచ్చిన మామూలు చార్జరుకు రెండున్నర గంటలు చాలు. బండి రాత్రి ఎనిమిది గంటలు ఇంటి ముందు, పగలు ఎనిమిది గంటలు కర్మాగారం స్టాండులో ఊరకే నిలబడి ఉంటుంది. పదహారు గంటలు నిలిచి ఉండే బండికి రెండు గంటల్లో నింపే చార్జరు ఎందుకు? ఆలోచించి చూస్తే చాలామందికి కావలసింది వేగం కాదు, బండి నిలిచిన చోట భద్రమైన ఒక ప్లగ్గు.

త్వరిత చార్జరు అవసరమైనవారు లేకపోలేదు. తెల్లవారుజామున పాలు వేసి, మళ్లీ సాయంత్రం తిరిగేవారు, కూరగాయలు మోసేవారు, రోజంతా ఇంటింటికీ సరుకులు చేరవేసే యువకులు మధ్యాహ్నం రెండు గంటల్లో బండి నింపుకోకపోతే ఆ పూట కూలి పోతుంది. వారు తప్పక కొనుక్కోవచ్చు. అయితే చార్జరు కంటే ముందు ఇంట్లో 15 ఆంపియర్ల పవరు ప్లగ్గు, దానికి మీటరు దగ్గర నుంచి విడిగా మందపాటి రాగి వైరు, సొంతంగా ఒక ఎంసీబీ, మంచి ఎర్తు, షాకు కొట్టగానే కరెంటు ఆపే ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి. ఈ ఖర్చు కూడా చార్జరు ధరలో కలిపి లెక్క వేసుకోవాలి. అది భరించలేని వారికి త్వరిత చార్జరు కూడా భారమే.

ఇంకొక లెక్క కూడా ఉంది. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తోంది. 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాలి. బండికి రోజుకు రెండు యూనిట్ల చొప్పున 26 పనిదినాలకు 52 యూనిట్లు అవుతాయి. ఇప్పటికే నెలకు 160 కాలుస్తున్న ఇల్లు 212కి చేరుతుంది. పెట్రోలులో మిగిలిందనుకున్న దానిలో కొంత కరెంటు బిల్లు రూపంలో బయటకు పోతుంది. చార్జరు మెల్లనిదైనా, త్వరితమైనదైనా యూనిట్లు మాత్రం అవే కాలుతాయి. కనుక కొనేముందు పోయిన ఏడాది ఎండాకాలం బిల్లు తీసి చూసుకోవడం మంచిది.

యాజమాన్యాల బాధ్యత

ఈ జిల్లాకు కరెంటు బండ్లు కొత్త కాదు. విద్యుత్ ద్విచక్ర వాహనాల సంస్థ ప్యూర్ ఈవీ పుట్టినది కందిలోని ఐఐటీ ప్రాంగణంలోనే. జహీరాబాదు మహీంద్రా కర్మాగారంలో కరెంటు ఆటోలు తయారవుతున్నాయి. బండ్లు తయారుచేసే జిల్లాలో వాటిని నడిపే కార్మికుడికి ప్లగ్గు దొరకకపోవడం శోచనీయం. పారిశ్రామిక వాడలో హెచ్‌టీ కనెక్షను ఉన్న కర్మాగారాలు ఎన్నో ఉన్నాయి. పది బండ్లు ఒకేసారి 750 వాట్ల చార్జర్లతో నింపుకున్నా ఏడున్నర కిలోవాట్లే అవుతుంది. అది వాటికి లెక్కలోనికి రాదు. ఒక్కొక్క కార్మికుడు కాల్చే రెండు యూనిట్ల ధర టీ, టిఫిను ఖర్చును మించదు. కావాలంటే జీతంలో కోసుకోవచ్చు.

మందుల కంపెనీల్లో సాల్వెంట్లు ఉంటాయి, బండ్లకు చార్జింగు పెట్టనిస్తే ప్రమాదమని యాజమాన్యాలు అంటే ఆ మాట కాదనలేము. అందుకే రసాయనాల గోదాములకు దూరంగా, గేటు పక్కన, రేకుల షెడ్డు కింద పాయింట్లు ఏర్పాటు చేయాలి. ఒక్కొక్క పాయింటుకు ఎంసీబీ ఉండాలి, పక్కన ఇసుక బకెట్లు, మంటలార్పే సిలిండరు ఉండాలి. కాదంటే ఏం జరుగుతుంది? కార్మికుడు క్యాంటీను మూలనో, స్టోరు రూములోనో దొంగచాటుగా ప్లగ్గు పెడతాడు. అది మరింత ప్రమాదం. పారిశ్రామిక వాడ స్థానిక పాలకవర్గం ఈ విషయమై యాజమాన్యాలను పిలిచి మాట్లాడాలి. విద్యుత్ శాఖవారు అద్దె గదులు ఎక్కువగా ఉన్న వీధుల్లో లో వోల్టేజి సరిచేయాలి. ఇంటి యజమానులు కూడా బండి పెట్టవద్దని గదమాయించే బదులు వరండాలో ఒక మంచి ప్లగ్గు వేయించి, యూనిట్ల చొప్పున వసూలు చేసుకుంటే ఇద్దరికీ మేలు.

కొనేవారు దుకాణంలో నాలుగు ప్రశ్నలు అడగడం మరువరాదు. ఈ చార్జరు నుంచి వచ్చే వోల్టులు నా బ్యాటరీ నిండే వోల్టులతో సమానమేనా? ఇంత కరెంటు తీసుకోవచ్చని నా బండి పుస్తకంలో ఉందా? దీన్ని వాడితే వారంటీ నిలుస్తుందా? బిల్లు మీద వోల్టులు, ఆంపియర్లు, తయారీదారు పేరు రాసి ఇస్తారా? ఈ నాలుగింటికి సమాధానం చెప్పలేని దుకాణంలో కొనకపోవడమే ఉత్తమం. కొత్త బండి కొనేవారు చార్జరు ధర అందులో కలిసిందో లేదో కూడా అడగాలి. చార్జరుకు విడిగా వసూలు చేసిన సొమ్మును తిరిగి ఇవ్వడానికి నాలుగు పెద్ద స్కూటరు కంపెనీలు 2023లో ఒప్పుకోవలసి వచ్చిన సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంటికి వచ్చాక బండిని పావుగంట, అరగంట చల్లారనిచ్చి చార్జింగు పెట్టాలి. ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం. పడకగదిలో, వంటగదిలో, గడప దగ్గర పెట్టరాదు. గడప దగ్గర అంటుకుంటే బయటకు రావడానికి దారి ఉండదు.

పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని పెద్దలు అంటారు. ఇక్కడ నిలబడిన బండి కూడా పాలే తాగుతుంది, కాకపోతే నిదానంగా తాగుతుంది. ఆ నిదానానికి తగిన చోటు చూపించడం యాజమాన్యాల వంతు. అంతవరకు తొందరపడకుండా ఉండడం కార్మికుల వంతు.