బొమ్మయు బొరుసును: మన రేవులకు వచ్చిన రోము నాణెములు

నాణెములు సేకరించుట విద్యార్థులలో నేడొక వేడుకయైనది. ఒకప్పుడు తపాలా బిళ్లలకుండిన స్థానమును ఇప్పుడు నాణెములు ఆక్రమించుచున్నవి. కంపెనీవారి పావు అణాలు, నిజాము ప్రభువుల చార్మినారు బొమ్మగల రూపాయలు, వలందావారి రాగి దుడ్లు బందరు పాత ఇండ్ల పెట్టెలలో ఎక్కడనో ఒకచోట కనబడునవే. వానితో తృప్తి చెందక గ్రీకుల నాణెములు, రోమనుల నాణెములు కావలెనని ఉవ్విళ్లూరువారును కలరు. విదేశపు వర్తకుల నుండి కొద్ది సొమ్ముతోనే తెప్పించుకొనవచ్చునని వారు చెప్పుదురు. ఈ కోరికను మేము తప్పు పట్టము. కాని రోము నాణెమును వెదకుచు మధ్యధరా సముద్రము దాక పోవుటకు ముందు, అది తానుగా మన తెలుగు తీరమునకు నడచి వచ్చిన కాలమొకటి కలదని మనవారిలో ఎందరెఱుగుదురు?

క్రీస్తు శకము రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో కూర్చుండి భూగోళమును వర్ణించిన టాలమీ మన తీరమునకు మైసోలియా యని పేరు పెట్టి, ఇచట కంటకొస్సిల, అల్లొసిగ్నె యను వర్తకపు రేవులను పేర్కొనెను. సువర్ణభూమికి పోవు నావలు తీరమును విడిచి నడిసముద్రమునకు మళ్లు తావును ఈ ప్రాంతముననే చూపెను. అంతకు పూర్వమే, మొదటి శతాబ్దమున, పేరు తెలియని గ్రీకు వర్తకుడొకడు వ్రాసిన ‘ఎరిత్ర సముద్రపు పెరిప్లస్’ అను గ్రంథమున మసాలియా దేశమున సన్నని నూలు వస్త్రములు విస్తారముగా తయారగునని కలదు. కంటకొస్సిలయే మన ఘంటసాల యని పండితులు శాసనముల ఆధారమున నిర్ణయించిరి. నాగార్జునకొండలో బోధిసిరి యను ఉపాసిక వేయించిన శాసనము కంటకసెల మహాచైత్యమును ప్రశంసించుచున్నది. ఘంటసాల శాసనమొకటి శివకుడను మహానావికుని పేరు చెప్పుచున్నది. నేడు ఘంటసాలలో నిలుచుండి చూచిన సముద్రము కనబడదు. కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రు దివిసీమగా పెరిగి, రేవు ఊరై, ఊరి చుట్టును వరిపొలమైనది.

ఆ వస్త్రములకు, మిరియములకు, మణులకు బదులుగా రోమనులు తెచ్చినది ముఖ్యముగా నాణెమే. భారతదేశము ఏటేట తమ సామ్రాజ్యము నుండి అయిదు కోట్ల సెస్టెర్సులు లాగికొనుచున్నదని క్రీ.శ. 79లో మరణించిన ప్లినీ వాపోయెను. ఆ సొమ్ములో కొంత తెలుగునేలలో దొరకినది. నల్లగొండ జిల్లా అక్కనపల్లెలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల వెండి దినారములు 1,500కు పైగా ఒక్కచోటనే లభించినవి. 1889లో వినుకొండలో దొరకిన పదునైదు బంగారు నాణెములు టైబీరియస్ మొదలు కారకల్లా వరకు గల ప్రభువులవి. నాగార్జునకొండ తవ్వకములలోను రోము బంగారము కనబడినది. పరమేశ్వరీలాల్ గుప్త వీనిని గూర్చి 1965లో ప్రకటించిన గ్రంథము ఈ విషయమున నేటికిని మొదట చదువదగినది. వెండి నాణెములలో ఈ ఇద్దరు చక్రవర్తులవే హెచ్చుగా కనబడుటకు కారణము ఊహింపదగినదే. క్రీ.శ. 64లో నీరో వెండి దినారము బరువును, వెండిపాలును తగ్గించెను. మన వర్తకులు పాత మంచి నాణెమునే అడిగి పుచ్చుకొనిరన్నమాట. బజారున చిఱుగు నోటును తిరిగి యిచ్చివేయు బుద్ధి మనకు క్రొత్తది కాదు.

ఇక బొమ్మల మాట. టైబీరియస్ దినారమునకు ఒకవైపు చక్రవర్తి తల, బొరుసువైపు చేత కొమ్మయు దండమును పట్టి కూర్చున్న స్త్రీమూర్తి. ఆమె రాజమాత లివియా యని కొందరి మతము. సువార్తలో పన్ను కట్టవచ్చునా యని ప్రశ్నించిన వారికి ఏసుక్రీస్తు చూపించిన నాణెము ఇదియేయని సంప్రదాయముగా చెప్పుదురు. అగస్టస్ దినారము బొరుసున ఆయన దత్తపుత్రులైన గాయస్, లూసియస్ కుమారులు డాళ్లతో, ఈటెలతో నిలుచుండిరి. వీరిరువురును రాజ్యమునకు రాకమునుపే మరణించిరి. వారి బొమ్మ మాత్రము వేల క్రోసుల దూరమునకు వచ్చి నల్లగొండ మట్టిలో నిలిచినది. సింహళరాజు రోము దినారములను చూచి, వానిపై ముఖములు వేఱువేఱుగా నున్నను తూకము మాత్రము ఒక్కటిగా నుండుటకు మెచ్చుకొనెనని ప్లినీయే వ్రాసెను. మనవారు మెచ్చుకొని ఊరకుండలేదు. 1898లో పుదుక్కోటలో దొరకిన అయిదువందల బంగారు నాణెములలో అత్యధికము చక్రవర్తి ముఖముపై ఉలిగాటు గలవి. బంగారమును పరీక్షించుటకో, చెలామణి నుండి తొలగించుటకో అట్లు చేసియుందురని పండితులనుచున్నారు. కొండాపురము వంటి తావులలో రోము నాణెమును పోలిన మట్టిబిళ్లలు చేసి, రంధ్రము పెట్టి, మెడలో వేసికొనిరి. కాసులపేరు ధరించు జాతికి ఇది సహజమే.

అయితే మన నేలపై ముద్రింపబడిన బొమ్మయే మాకు అన్నిటికన్న ప్రియమైనది. శాతవాహనుల సీసపు నాణెములపై రెండు తెరచాప కొయ్యలుగల ఓడ కలదు. పశ్చిమమున గ్రీకు రాజుల నాణెములను చూచి శకక్షత్రపులు తమ ముఖములను వెండిపై వేసికొనిరి. వారిని చూచి శాతవాహనులును వేసికొని, ఒకవైపు ప్రాకృతమున, రెండవవైపు ద్రావిడభాషలో పేర్లు చెక్కించిరి. ర్యాప్సన్ 1908లో ప్రకటించిన పట్టికలో కృష్ణా, గోదావరి జిల్లాల సీసపు నాణెములకు ప్రత్యేకస్థానము కలదు. అవి చూచుటకు మురికిగా, మొద్దుగా నుండును. రోము దినారపు తళతళ వానికి లేదు. సేకరించువారు వానిని చులకనగా చూచుటకు ఇదియే కారణమని మా అనుమానము.

బొమ్మలుగల నాణెములతో మనకేమి పనియని మన పెద్దలలో కొందరు అడుగవచ్చును. వారి సంకోచమును మేము గౌరవించుచునే ఒక మాట మనవి చేయుదుము. దీనార్, దిర్హమ్ అను పదములు ఖుర్ఆన్ షరీఫ్‌లోనే కలవు. మొదటిది రోము దినారియస్, రెండవది గ్రీకు ద్రాక్మా. ఫులూస్ అనునది రోమనుల ఫోలిస్. ఆ ద్రాక్మాయే మన దేశమున ద్రమ్మమై, దామై, ఉర్దూలో దమ్డీయై, తెలుగున దమ్మిడీయైనది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి రాణియొకతె స్తంభము కొరకు 170 దీనారి మాషకములు దానము చేసినట్లు శాసనము కలదు. ఖలీఫాల తొలినాటి నాణెములు బైజాంటియం చక్రవర్తుల, పారసీక ప్రభువుల బొమ్మలతోనే చెలామణి అయినవి. ఖలీఫా అబ్దుల్ మలిక్ మొదట శిలువను తొలగించి, పిదప తన మూర్తితో కొన్నింటిని ముద్రించి, తుదకు హిజ్రీ 77లో అక్షరములు మాత్రమే గల దీనారును వెలువరించెను. బొమ్మ పోయినది, పేరు నిలిచినది. అస్‌హాబె కహఫ్ కథయు తెలిసినదే. గుహలో నిద్ర మేల్కొనినవారు ఆహారమునకై ఒకనిని వెండినాణెముతో పట్టణమునకు పంపిరి. అది దఖ్యానూసు కాలపు నాణెమగుటచే వారి సంగతి బయటపడెనని వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఆ దఖ్యానూసు 249 నుండి 251 వరకు రోమునేలిన డీసియస్. ఉర్దూలో పాతకాలపు మనిషిని ‘దఖ్యానూసీ’ యనునపుడెల్ల మనము ఒక రోము చక్రవర్తిని తలచుచున్నాము.

కావున నాణెమును సేకరింపవచ్చునా యన్నది కాదు, ఎట్లు సేకరింపవలెనన్నదియే విచారింపదగినది. 1786 ప్రాంతమున నెల్లూరు దాపున ఒక రైతు దున్నుచుండగా నాగలికి ఇటుకకట్టు తగిలినది. త్రవ్వి చూడగా చిన్న గుడి శిథిలమును, దాని క్రింద రోము బంగారు నాణెములుగల చిన్న కుండయు కనబడినవి. అతడు వానిని పాతబంగారముగా అమ్మివేసెను. పెక్కు నాణెములు మూసలో కరగిపోయినవి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా నాణెములను వెదకి తెప్పించెను. అప్పటి చెన్నపట్నపు గవర్నరు డేవిడ్‌సన్ అందులో రెండు ఏరుకొని, ఆ సంగతిని వ్రాసియుంచెను. ఆ నవాబుజాదా, ఆ దొరయు లేకున్నచో మనకు కథయైనను దక్కెడిది కాదు. సేకరించువాడు దొంగయని నిందించువారికి ఇది సమాధానము. అట్లని గర్వించుటకును లేదు. కుండలో మొత్తమెన్ని యుండెనో, ఏ గుడి క్రింద నుండెనో నేడు చెప్పువారు లేరు.

1878 నాటి నిక్షేపముల చట్టము నేటికిని అమలులో నున్నది. భూమిలో దాగి పదిరూపాయలకు మించిన విలువగల వస్తువేది దొరకినను కలెక్టరునకు తెలుపవలెను. తెలుపనిచో ఏడాది వరకు జైలు, లేదా జుల్మానా. ప్రభుత్వము తీసికొనినచో లోహపు వెలయు, దానిపై అయిదవవంతును ఇచ్చును. చట్టము వ్రాసిన దినములలో పదిరూపాయలు పెద్ద సొమ్ము. నేడు ఆ హద్దునకు అర్థము లేదు. దివిసీమ రైతు ఈ లెక్కను మనకన్న బాగుగా వేయగలడు. కంసాలి వెంటనే రొక్కమిచ్చును, ప్రశ్నలడుగడు. కచేరీ చుట్టు తిరిగినచో పని దినములు పోవును, దొంగయను అనుమానమును మీదపడును. రైతు మూసను ఎన్నుకొనినచో తప్పు అతనిదే యనుట న్యాయము కాదు. చరిత్ర విలువను కట్టి, నెలలోపల సొమ్ము చెల్లించునట్లు చట్టమును మార్చనిదే మూసలు చల్లారవని మా నిశ్చితాభిప్రాయము.

మూస ఒక్కటియే ప్రమాదమనుకొనరాదు. భట్టిప్రోలు స్తూపపు పాలరాళ్లు వెల్లటూరు తూము కట్టుటకు పోయినవి. అలెగ్జాండర్ రే 1894లో భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపములను గూర్చి ప్రకటించిన గ్రంథము, అప్పటికే పోయినది పోగా మిగిలిన దాని లెక్క మాత్రమే. నేడు డెల్టా అంతట చేపల చెరువులు, రొయ్యల చెరువులు త్రవ్వబడుచున్నవి. ఇండ్ల మెరకకు దిబ్బల మట్టి లారీలపై పోవుచున్నది. నాగలికి తగిలిన ఇటుక రైతునాపినది, యంత్రపు తొట్టెకు ఏదియు తగులదు.

విదేశముల నుండి పొట్లములో వచ్చు నాణెముపై మోజుగల మిత్రులు సిరియాలోని అపామియా సంగతి తెలిసికొనవలెను. 2011 తరువాత యుద్ధకాలమున దొంగలు ఆ ప్రాచీన నగరమును గోతులమయము చేసిరి, ఆకాశము నుండి తీసిన ఛాయాచిత్రములలో అవి మశూచిమచ్చలవలె కనబడుచున్నవి. ఊరు పేరు లేని నాణెము అచటిది కాదని ఎవరు హామీ ఇత్తురు? మన దేశమున నూఱేండ్లు దాటిన నాణెము 1972 చట్టము ప్రకారము పురావస్తువు. దానిని దేశము దాటింపరాదు, అనుమతి లేక వర్తకము చేయరాదు.

మన కళాశాల చరిత్ర సంఘము బంగారమును కొనజాలదు, కొననక్కర లేదు. ఒక పుస్తకము పెట్టినచాలును. బందరు, గుడివాడ, దివిసీమ గ్రామముల నుండి వచ్చు విద్యార్థులు తమ ఊరి దిబ్బ ఏది, ఏ చేనిలో ఏమి దొరకినది, ఎంత లోతున, దానితో పెంకులున్నవా ఇటుకలున్నవా, తూకమెంత, ఇప్పుడెవరి యొద్ద నున్నది యని వ్రాయవలెను. రెండువైపుల ఛాయాచిత్రము తీయవలెను. కలెక్టరునకు అర్జీ వ్రాయుటలో రైతునకు తోడుపడవలెను. నాణెమును చింతపండుతో తోమరాదు. ముఖ్యముగా సీసపు నాణెములపై తెల్లని పొడి కనబడినచో ఊదరాదు, అది విషము. వానిని కఱ్ఱపెట్టెలో నుంచినచో చెక్కనుండి వెలువడు ఆమ్లపు ఆవిరి సీసమును తినివేయును. అక్కయ్య పెండ్లి నాటి టేకుపెట్టె ఎంత అందముగా నున్నను సరే, ఓడబొమ్మ నాణెమును ఆమ్లము లేని కాగితపు పొట్లమున, పొడిగానున్న గాజుసీసాలో దాచవలెను.