అధ్యాపకునికి యంత్రమిచ్చిన చాలునా?

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా కళాశాలల తలుపులు మూతపడినప్పుడు, అధ్యాపకులందఱును ఆన్‌లైనులో పాఠములు చెప్పవలెనని ఆజ్ఞలు వెలువడినవి. నేర్చుకొనుటకు వ్యవధి లేదు; నేర్పువారు అంతకంటె అరుదు. అయినను పాఠము సరిగా సాగనప్పుడు నింద అధ్యాపకునిపైననే పడినది. "మన అయ్యవార్లకు కంప్యూటరు రాదు" అని నవ్వినవారు వేలూరులోను, గుడియాత్తములోను మనలోనే కలరు. ఆ నవ్వు అన్యాయమని మా వాదము.

గుడియాత్తము లుంగీల నేతకు పేరుపొందిన ఊరు. చేతిమగ్గముపై ముప్పది యేండ్లు నేసినవానిని మరమగ్గము ముందు నిలిపి, "రేపటికి బట్ట సిద్ధము చేయుము" అన్నచో, దారములు తెగుట అతని నేరమా? ప్రక్కన నిలిచి నాలుగు దినములు చూపువారిని ఏర్పఱుపనివారి నేరమా? నేతవాని విషయమున మనమంగీకరించు న్యాయమును అధ్యాపకుని విషయమున ఏల అంగీకరింపము?

ప్రభుత్వము ఏమియు చేయలేదని మేమనము. 2017లో స్వయం వేదిక వెలసినది. 2018లో అధ్యాపకులకై అర్పిత్ అను ఆన్‌లైన్ పునశ్చరణ తరగతులును, 2023లో మాలవీయ మిషన్ శిక్షణయు ఏర్పడినవి. విద్యార్థి ఒక సెమిస్టరు పాఠ్యాంశములలో 40 శాతము వఱకు స్వయం ద్వారా చదువవచ్చునని యు.జి.సి. 2021లో అనుమతించినది. ద్వారము తెఱచియే యున్నది. కాని సర్టిఫికెట్టు వేఱు, చేతికి వచ్చిన విద్య వేఱు. గంటసేపటి ఉపన్యాసమును కెమెరా యెదుట అప్పగించుట ఆన్‌లైన్ బోధనము కానేరదు. పాఠమును చిన్న ఖండములుగా విభజించుట, నడుమ ప్రశ్న వేయుట, పలుకని విద్యార్థిని గుర్తించుట, వ్రాసి పంపినదానిని దిద్ది మరల పంపుట, నెట్టు అందని పల్లె పిల్లవానికి పాఠమును రికార్డు చేసి యిచ్చుట—నేర్వవలసినది ఇది. మీటలు నొక్కుట దీనిలో అల్పభాగము.

తెలుగు అధ్యాపకునికి మఱియొక చిక్కు కలదు. పాత ఫాంటులలో టైపు చేసి దాచుకొన్న పాఠములు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థము లేని గుర్తులుగా కనబడును. 1991 నుండియు యూనికోడులో మన లిపికి స్థానమున్నది. అయినను ఆ పాఠములను దానిలోనికి మార్చుట చూపువారు కావలెను కదా!

"తరగతిగది యుండగా ఇదంతయు ఏల?" అని పెద్దలు కొందఱు అడుగుదురు. సంఖ్యలో తక్కువవారమైన మనకే ఇది ఎక్కువ అవసరము. 2002లో ఏర్పడిన తిరువళ్ళువర్ విశ్వవిద్యాలయము క్రింద వేలూరు ముత్తురంగం ప్రభుత్వ కళాశాలయు, గుడియాత్తము తిరుమగళ్ మిల్స్ ప్రభుత్వ కళాశాలయు కలవు. ఒక ఊర ఇద్దఱు, మఱియొక ఊర మువ్వురు తెలుగు కోరినచో, విడివిడిగా తరగతి నిలువదు. ఆన్‌లైనులో కలిపినచో నిలుచును. అట్టి తరగతిని నడుపగల అధ్యాపకుడు లేనినాడు ఆ ఐదుగురును తెలుగునకు దూరమగుదురు. అయితే దీనిని సాకుగా గొని ఉన్న అధ్యాపక పదవులను తగ్గించుట మాకెంతమాత్రము సమ్మతము కాదు.

కావున కళాశాలలను మేము కోరునవి మూడు. శిక్షణ కాలమున అధ్యాపకుని తరగతి గంటలు కొన్ని తగ్గింపవలెను. పిలిచినంతనే వచ్చి సాయపడు సాంకేతిక సహాయకుడొకడు ప్రతి కళాశాలలోను ఉండవలెను. అనుభవము గల వృద్ధాధ్యాపకుని, యంత్రము తెలిసిన యువాధ్యాపకుని జతపఱచవలెను; ఒకరికి బోధన, మఱియొకరికి సాధనము లభించును.

మన కర్తవ్యమును కలదు. మన యిండ్లలో ఇంజనీరింగు చదివిన యువతీయువకులకు కొదువ లేదు. వారు నెలకొక ఆదివారము తెలుగు అధ్యాపకుని ప్రక్కన గూర్చుండి సాయపడినచో, సభలలో భాషాభిమానమును గూర్చి చేయు ఉపన్యాసములకంటె అది మేలు. సంఘము ఈ పనిని ఈ సంవత్సరమే ఆరంభించుగాక.