పిల్లల పళ్ళు పుచ్చితే తల్లిదేనా తప్పు?

స్త్రీలపై హింస, భూమి హక్కు, కనీస వేతనాలు, ఇన్ని సమస్యలుండగా పిల్లల పళ్ళ గురించి వ్యాసమేమిటని మిత్రులు కొందరు అడగవచ్చు. ఇంట్లో స్త్రీల మీద పడే చాకిరీ, బయట ప్రభుత్వం వదిలేసిన బాధ్యత, ఈ రెండూ పసిబిడ్డ నోట్లో స్పష్టంగా కనిపిస్తాయి. అందుకే ఇది మన పత్రికలో చర్చించవలసిన విషయమేనని నా అభిప్రాయం.

నేను పరిశోధన కోసం వెళ్ళిన బస్తీల్లో, పల్లెల్లో తరచుగా విన్న మాట ఒకటుంది: "పాలపళ్ళే కదా, ఎట్లాగూ ఊడిపోయేవే." ఇది తల్లుల అజ్ఞానమని డాక్టర్లు విసుక్కుంటారు. కానీ ఈ విషయం ఆ తల్లులకు ఎవరు, ఎప్పుడు చెప్పారు? దాదాపు ఆరో నెలలో మొదటి పన్ను వస్తుంది. మూడేళ్ళు నిండేసరికి ఇరవై పాలపళ్ళు వస్తాయి. వీటిలో వెనకవి పది, పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. అవి పుచ్చితే బిడ్డ నమలలేదు, తినలేదు, నిద్రపోలేదు. బరువు పెరగలేదని అంగన్‌వాడీలో రాసుకునే బిడ్డ నోరు తెరిచి చూసేవాళ్ళు మాత్రం అరుదు. ఆరేళ్ళకు పాలపళ్ళ వెనక వచ్చే మొదటి దంతం శాశ్వత దంతం. దాన్ని కూడా పాలపన్నే అనుకుని పోగొట్టుకుంటున్న పిల్లలెందరో.

చేయవలసిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పళ్ళు రాకముందు శుభ్రమైన తడిగుడ్డతో చిగుళ్ళు తుడవాలి. మొదటి పన్ను వచ్చినప్పటినుంచి మెత్తని బ్రష్‌తో రెండుపూటలా తోమాలి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత చాలు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోనివ్వకూడదు. రాత్రిపూట లాలాజలం తగ్గుతుంది. నోట్లో నిలిచిన తీపిని సూక్ష్మజీవులు ఆమ్లంగా మార్చి పంటి పైపొరను కరిగిస్తాయి. ముందుగా పై వరసలోని ముందు పళ్ళు పుచ్చడానికి కారణం ఇదే.

అయితే ఈ సలహాలన్నీ ఎవరిని ఉద్దేశించి చెబుతున్నారు? పిల్లలు ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా తమంతట తాము సరిగా తోముకోలేరు, పెద్దవాళ్ళు దగ్గరుండాలి. రోజుకు రెండుసార్లు, ఇద్దరు ముగ్గురు పిల్లలకు. తెల్లవారకముందే కూలికి వెళ్ళే స్త్రీకి ఆ సమయం ఎక్కడిది? ఆ పని బడికి పోవలసిన పెద్దకూతురి మీద పడుతుంది. తండ్రి పేరు ఎవరూ ఎత్తరు. పని దగ్గర ఏడ్చే బిడ్డ చేతిలో బిస్కెట్టో, తీపి చాయ్‌లో ముంచిన బన్నో పెట్టడం నిర్లక్ష్యం కాదు, గత్యంతరం లేకపోవడం. 50 మందికి మించి స్త్రీలు పనిచేసే నిర్మాణ స్థలాల్లో పిల్లలకు గది ఉండాలని 1996లోనే చట్టం చేశారు. ఆ గదులు ఎన్నిచోట్ల చూశామో మనకు తెలుసు.

ఇక తీపి అమ్మే కంపెనీల సంగతి. పేద, మధ్య ఆదాయ దేశాల్లో అమ్మే శిశు ఆహారంలో ఒక బహుళజాతి కంపెనీ చక్కెర కలుపుతోందని, తన స్వదేశంలో అలా చేయడం లేదని 2024లో స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ సంస్థ బయటపెట్టింది. ఆ దేశాల జాబితాలో మన దేశమూ ఉంది. కలిపిన వాళ్ళను వదిలి తినిపించిన తల్లిని నిలదీయడం ఏ న్యాయం?

నల్గొండ అనుభవం ఇంకా చేదు. పేస్టులో కొద్దిగా ఉంటే పంటిని గట్టిపరిచే ఫ్లోరైడే, తాగేనీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఎదిగే పిల్లల పళ్ళను గారపట్టిస్తుంది. ఎముకలనూ వంచుతుంది. మన దేశంలో ఈ జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నీళ్ళలో పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఇంట్లో అయితే ఆ కలపడం, తిప్పడం, తేరేదాకా కాచుకోవడం, అన్నీ ఆడవాళ్ళ పనే. 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా మర్రిగూడ లాంటి ప్రాంతాలకు నదీజలాలు చేరాయి. కానీ చిన్నతనంలో పడిన గార నీళ్ళు మారితే పోదు. పెళ్ళిచూపుల్లో నోరు విప్పడానికి జంకే ఆడపిల్లలు అక్కడ నాకు కనిపించారు. అదే గారపళ్ళున్న మగపిల్లవాడిని ఎవరూ అంతగా పరీక్షించరు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడిపిల్లలను ఒకసారి పరీక్షించాలి. అందులో పళ్ళ జబ్బులూ ఉన్నాయి. కానీ పరీక్షించి చీటీ రాసిస్తే సరిపోదు. పన్ను బాగుచేసే డాక్టరు పట్నంలో ఉంటే, ఆ చీటీ విలువ తల్లి పోగొట్టుకునే ఒకరోజు కూలికంటే తక్కువే.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. అంగన్‌వాడీలో ప్రతి బిడ్డకూ బ్రష్షు, పేస్టు ఇవ్వాలి. మధ్యాహ్నం తిన్నాక అందరూ కలిసి తోముకునే ఏర్పాటు ఉండాలి. అది అంగన్‌వాడీ కార్యకర్తకు జీతం లేని మరో చాకిరీ కాకూడదు. మండలానికి దగ్గరలో పళ్ళ డాక్టరు, పరికరాలు ఉండాలి. శిశు ఆహారంలో చక్కెర కలపడాన్ని నిషేధించాలి. సంఘాల సమావేశాల్లో ఈ విషయం మాట్లాడేటప్పుడు తండ్రులనూ కూర్చోబెట్టాలి. బిడ్డ నోరు చూసి తల్లిని తిట్టడం సులువు. ఆ నోటిదాకా ఏ నీళ్ళు, ఏ తిండి, ఏ వైద్యం చేరాయో అడగడం మన పని.