సిరా చుక్క లేని వేలు

"ఓటు వేయనివాళ్ళకి ప్రభుత్వాన్ని అడిగే హక్కు లేదు." ఈ మాట నేను ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. పిల్లలతో అన్నాను. అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ళం కబుర్లు చెప్పుకునేటప్పుడు అన్నాను. వాట్సాప్‌లో ఎవరో పంపితే మరో పదిమందికి పంపాను. ఇప్పుడు ఆ మాటని వెనక్కి తీసుకుంటున్నాను. మీలోనూ ఈ మాట అనేవాళ్ళు చాలామంది ఉంటారని తెలుసు. అందుకే కోప్పడకుండా చివరిదాకా చదవమని అడుగుతున్నాను.

2024 మే 13, సోమవారం. ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ ఒకే రోజు పోలింగ్. మేముండేది హైదరాబాదులో. ఎండ ముదరకముందే పని అయిపోవాలని, పొద్దున్న ఏడింటికే వెళ్ళి లైన్లో నిలబడి ఓటేసి వచ్చాం ఆయనా నేనూ. సిరా పెట్టిన వేలు ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాకూ గొప్పగానే అనిపించింది.

ఇంతలో మా పనమ్మాయి వచ్చింది. గిన్నెలు తోముతుంటే ఆమె ఎడమ చేతి వేలు చూశాను. సిరా లేదు.

"ఏమ్మా, ఓటెయ్యలేదా?"

"లేదమ్మా."

ఇక నా ఉపన్యాసం మొదలైంది. "ఐదేళ్ళకోసారి వచ్చేది! అది కూడా చెయ్యకపోతే ఎలా? రేపు నీళ్ళు రాలేదనీ, రేషను అందలేదనీ ఏ మొహం పెట్టుకుని అడుగుతావు?"

అంతా విని, చేతిలో గిన్నె పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పింది. "నా ఓటు శ్రీకాకుళం దగ్గర మా ఊళ్ళో ఉందమ్మా. వెళ్ళి రావాలంటే మూడు రోజులు పడుతుంది. ఆవకాయ పెట్టాలి, ఈ వారం నాగాలు పెట్టొద్దని మీరే చెప్పారు కదా."

నిజమే. నేనే చెప్పాను. కాయ ముక్కలు కొట్టించి, తుడిచి, ఆరబెట్టుకునే రోజులు. మనిషి సాయం లేకపోతే నాకు చేత కాదు. అలా నా ఆవకాయ కోసం ఆమె ఓటు ఆపినది నేనే, ఓటు వేయలేదని ఆమెకి నీతులు చెప్పినదీ నేనే.

పోలింగ్ రోజున జీతం కొయ్యకుండా సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉంది. వ్యాపారాల్లో, పరిశ్రమల్లో, సంస్థల్లో పని చేసేవాళ్ళ కోసం రాసిన నియమం అది. రోజుకూలి మీద పని చేసేవాళ్ళకి కూడా ఆ రోజు కూలి దక్కాలని రాశారు. కానీ మన గుమ్మంలోకి వచ్చి, "మీ పనమ్మాయికి సెలవిచ్చారా?" అని ఏ అధికారీ అడగడు. ఇవ్వవలసింది మనమే. మనలో ఎంతమందిమి ఇచ్చాం? ఇవ్వకపోగా ఎంతమందిమి ఆమె వేలు చూసి పెదవి విరిచాం?

సరే, ఆమె వెయ్యలేకపోయింది, కావాలని వెయ్యనివాళ్ళ సంగతేమిటి అంటారా? ఆ కథ కూడా అదే రోజు మా ఇంట్లోనే జరిగింది.

సాయంత్రం మా ఆడపడుచు కుటుంబం భోజనానికి వచ్చింది. వాళ్ళమ్మాయికి ఇరవై మూడేళ్ళు, ఉద్యోగం చేస్తోంది. జాబితాలో పేరుంది, బూత్ వాళ్ళ ఇంటి వెనక వీధిలోనే. అయినా వెళ్ళలేదు. "ఎవరికీ వెయ్యాలనిపించలేదు" అంది. అంతే, అన్నం కంచాల ముందు పంచాయితీ మొదలైంది. మీ తరానికి బాధ్యత లేదని ఒకరు, స్వాతంత్ర్యం ఊరికే వచ్చిందనుకుంటున్నారా అని ఒకరు. వాళ్ళమ్మకైతే కళ్ళ నీళ్ళ పర్యంతమైంది. ఆ పిల్ల ఒక్కటే చెప్పింది. ముఖ్యమైన అభ్యర్థులందరి అఫిడవిట్లూ చదివిందట. వాళ్ళ మీద ఉన్న కేసులు, ఆస్తులు, చదువులు అన్నీ చూసిందట. చూశాక ఒక్కరి పేరు పక్కనా వేలు పెట్టడానికి మనసొప్పలేదట.

నేనూ నా వంతు తిట్టబోయాను. అప్పుడు నా వైపు తిరిగి అడిగింది. "అత్తయ్యా, మీరు ఎవరికి వెయ్యాలో మీరే అనుకున్నారా?"

నా దగ్గర జవాబు లేదు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది. ప్రతిసారీ బూత్‌కి నడిచి వెళ్ళేటప్పుడు దారిలో ఆయన్ని అడుగుతాను, "ఈసారి దేనికి?" అని. ఆయన చెబుతారు. నేను ఆ గుర్తు మీద నొక్కుతాను. ఆయనేమీ బలవంతం చెయ్యరు. కూర ఏం తేవాలో ఆయన నన్ను అడిగినంత మామూలుగా నేను ఓటు సంగతి ఆయన్ని అడుగుతాను. అభ్యర్థులు తమ వివరాలన్నీ ప్రమాణం చేసి ఇవ్వాలన్న నియమం 2003 నుంచీ ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. ఇన్నేళ్ళలో నేను ఒక్క అఫిడవిట్ కూడా చదవలేదు.

ఏమీ చదవని నా వేలికి సిరా ఉంది. అన్నీ చదివి ఆగిపోయిన ఆ పిల్ల వేలికి లేదు. మా ఇద్దరిలో ఓటు గురించి నిజంగా ఆలోచించింది ఎవరు? గురివింద గింజ తన నలుపెరగదంటారు. నా నలుపు నా వేలి మీదే ఉంది, దాన్నే ఫోటో తీసి గొప్పగా పంపుకున్నాను.

అందుకే ఇప్పుడు నేననేది ఒక్కటే. ఓటు వేయనివాళ్ళని నిందించకూడదు. వేలి మీద సిరా చూసి మనిషి మంచి పౌరుడో కాదో తేల్చే అధికారం మనకి లేదు.

"అడిగే హక్కు లేదు" అనే మాటనే తీసుకోండి. ఎవరిచ్చారా నియమం? సబ్బు బిళ్ళ కొన్న ప్రతి మనిషీ పన్ను కడుతోంది. పదిహేడేళ్ళ పిల్లకి ఓటు లేదు. తన కాలేజీకి బస్సు లేదని ఆమె అడగకూడదా? చంటిబిడ్డ తల్లి, మంచం పట్టిన అత్తగారిని వదిలి కదలలేని కోడలు, ప్రసవానికి పుట్టింటికెళ్ళిన ఆడపిల్ల, వీళ్ళంతా ఐదేళ్ళు నోరు మూసుకోవాలా?

మన దేశపు మొదటి ఎన్నికల సంగతి మీకు తెలుసా? 1951-52 ఎన్నికల కోసం ఓటరు జాబితాలు తయారు చేసేటప్పుడు లక్షలమంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. "ఫలానావారి భార్యని", "ఫలానావాడి తల్లిని" అని చెప్పారు. పరాయి మగవాడికి సొంత పేరు చెప్పడం తప్పనే ఆచారంలో పెరిగారు పాపం. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలాంటి నమోదులు చెల్లవన్నారు. దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్ళ పేర్లు జాబితా నుంచి తీసేశారు. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళు. ఆయన చేసింది మంచికే కావచ్చు, తర్వాత ఆడవాళ్ళు సొంత పేర్లతో నమోదయ్యారు. కానీ ఆ మొదటి ఎన్నికల్లో ఓటు లేని ఆ 28 లక్షల తల్లులకీ ప్రభుత్వాన్ని అడిగే హక్కు లేదందామా?

అంత దూరం ఎందుకు, నా సంగతే చెబుతాను. పెళ్ళయి వచ్చాక ఏడేళ్ళు నా ఓటు పుట్టింట్లోనే ఉండిపోయింది. ఇంటిపేరు మారింది, గ్యాస్ బుక్కులో పేరు చేరింది, రేషను కార్డులో చేరింది. ఓటు మార్చాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. ఒక ఎన్నిక అలాగే పోయింది. నన్నెవరూ బాధ్యత లేనిదానివి అని తిట్టలేదు. ఎందుకంటే నేను ఓటేశానో లేదో ఎవరూ అడగనే లేదు! కొత్తకోడలి ఓటు ఇంట్లో ఎవరికీ గుర్తుకు రాని వస్తువు.

"ఎవరూ నచ్చకపోతే నోటా ఉంది కదా, వెళ్ళి అది నొక్కొచ్చు కదా" అంటారు. మంచి ప్రశ్నే. నా మటుకు నేను మా మేనకోడలికి అదే చెప్పాను, నోటా అయితే కనీసం లెక్కలోకి వస్తుంది కదా అని. కానీ ఆ పిల్ల జవాబులోనూ నిజముంది. నోటాకి అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చినా దాని తర్వాత ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థే గెలుస్తాడు. "జవాబు రాని ఉత్తరం రాయమంటారా అత్తయ్యా?" అంది. నోటా తెమ్మని 2013లో తీర్పిచ్చినప్పుడు సుప్రీంకోర్టు ఓటు వేయకపోవడం కూడా ఓటరు తన అభిప్రాయం చెప్పే పద్ధతేనని ఒప్పుకుంది. కోర్టు ఒప్పుకున్నదాన్ని భోజనాల దగ్గర మనం నేరం చేస్తే ఎలా?

"అందరూ ఇలాగే ఇంట్లో కూర్చుంటే?" అనేది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. దానికి నా జవాబు, అందరూ కూర్చోవడం లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో మొదటిసారి దేశం మొత్తం మీద ఆడవాళ్ళ పోలింగ్ శాతం మగవాళ్ళని కాస్త దాటింది. మనల్ని ఎవరూ తిట్టి పంపలేదు, మనంతట మనమే వెళ్ళాం. ఇక 2024లో హైదరాబాదు లోక్‌సభ స్థానంలో ఓటర్లలో సగంమంది కూడా వెయ్యలేదు. ప్రతి ఎన్నికకీ ఈ ఊరిని బద్ధకస్తుల ఊరని తిడుతూనే ఉన్నారు. ఆ తిట్లతో మారిందేముంది?

తప్పనిసరి చేస్తే పోతుందంటారు కొందరు. గుజరాత్ స్థానిక సంస్థల ఎన్నికల్లో ఓటు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. 2015లో అక్కడి హైకోర్టు దాన్ని నిలిపేసింది. ఆస్ట్రేలియాలో 1924 నుంచీ తప్పనిసరే, వెయ్యకపోతే జరిమానా. కానీ అక్కడ పోలింగ్ శనివారం పెడతారు, ముందుగా వేసే వీలుంటుంది, పోస్టులోనూ పంపొచ్చు. జనాన్ని నిలదీసేముందు పెట్టెని జనం దగ్గరికి తెచ్చారు. మన దగ్గర శ్రీకాకుళం మనిషి హైదరాబాదులో ఉండి తన ఊరి ఓటు వేసే వీలు ఇంకా రాలేదు. వలస వెళ్ళినవాళ్ళు ఉన్నచోటి నుంచే వేసే యంత్రం గురించి ఎన్నికల సంఘం 2022 చివర్లో చెప్పింది, పార్టీలు అభ్యంతరాలు చెప్పాయి, అక్కడితో ఆగింది. అమెరికాలో ఉన్న మన పిల్లలు భారత పౌరులుగా జాబితాలో పేరు రాయించుకోవచ్చు, వేయాలంటే మాత్రం విమానమెక్కి రావాలి. వాళ్ళని తిట్టే గ్రూపుల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

రెండో శనివారం, ఆదివారం, పోలింగ్ సోమవారం కలిసొచ్చాయని సరదాగా ఊళ్ళు తిరగడానికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. లేరని నేననను. వాళ్ళకి దండ వెయ్యమని కూడా అనడం లేదు. ఓటు వెయ్యడం మంచిదనే నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ పిల్లవాడు అన్నం తినకపోతే తల్లి మొదట నుదురు పట్టుకుని చూస్తుంది, జ్వరమేమో, గొంతు నొప్పేమో అని. ఊరికే బద్ధకమైతే బుజ్జగిస్తుంది. చుట్టాల ముందు నిలబెట్టి తిట్టదు. తిడితే రేపు అసలు కంచం ముందుకే రాడు. ఎవరైనా ఓటెయ్యలేదంటే మనం మొదట అడగవలసింది "ఎందుకమ్మా?" అని. జవాబు విన్నాక, మన చేతిలో ఏదైనా ఉంటే అది చెయ్యాలి. లేకపోతే ఊరుకోవాలి.

మన చేతిలో ఉన్నవి చిన్నవేమీ కాదు. ఇంటికొచ్చిన కోడలి ఓటు ఎక్కడుందో అడగొచ్చు. ఇల్లు మారితే ఓటు మార్చడానికి ఫారం 8 ఉంది, కూర్చోబెట్టి నింపించొచ్చు. ఎనభై అయిదేళ్ళు దాటిన అత్తగారుంటే ఇంటి దగ్గరే వేసే వీలుంది, ముందుగా దరఖాస్తు పెట్టించొచ్చు. పనమ్మాయికి జీతం కొయ్యకుండా సెలవివ్వొచ్చు. అన్నిటికంటే ముందు, మన ఓటు ఎవరికో మనమే తేల్చుకోవచ్చు.

మా పనమ్మాయితో చెప్పాను, ఓటు హైదరాబాదుకి మార్పిస్తానని. రెండు రోజులు ఆలోచించి వద్దంది. "మా అమ్మానాన్నలున్న ఊరమ్మా. అక్కడ పేరు తీసేస్తే నేను ఆ ఊరిదాన్ని కానట్టు అయిపోతుంది" అంది. పాత అలవాటుకి నా నోటిదాకా ఏదో వచ్చింది. మింగేశాను. అది ఆమె ఓటు.

ఆమె ఓటు అక్కడే ఉంటుంది కాబట్టి ఈసారి ఎన్నికలకి మూడు రోజుల సెలవు, జీతంతో సహా, నేనివ్వాలి. మళ్ళీ వేసవిలోనే వస్తే ఆవకాయ ఒక వారం ఆగుతుంది, లేదా నేనొక్కదాన్నే పెట్టుకుంటాను. ఆమె వెళ్ళి వేస్తుందో, ఊళ్ళో అమ్మ దగ్గర మూడు రోజులు పడుకుని వస్తుందో, తిరిగొచ్చాక ఆమె వేలు మాత్రం చూడను.